హోల్డానక్క కాలినడక

ఆమె అసలు పేరు పేటలో ఎవరికీ తెలియదు. అందరికీ ఆమె హోల్డానక్క. బస్సు ఆగాలంటే "హోల్డాన్" అనీ, కదలాలంటే "రైట్ రైట్" అనీ కండక్టరుగా ఉన్నన్నాళ్లూ అరిచిన గొంతు ఇంట్లో మాత్రం వేరేగా ఎలా పలుకుతుంది? కంచంలో కూర చాలనడానికి హోల్డాన్. మొగుడు గురక పెడితే మోచేత్తో ఒక పోటు పొడిచి హోల్డాన్.

ఆమె బస్సు తిరిగిన రోడ్డును ఒకచోట తాకుతూ, ఒకచోట వదిలేస్తూ భిక్షువుగారి బాట సాగుతుంది. కొన్ని వందల ఏళ్ల కిందట ఒక పండిత భిక్షువు గ్రంథాల మూట వీపున వేసుకుని, తాను చదువుకున్న మఠం నుంచి కొండ మీది రాతిగది దాకా నడిచాడట. ఆ గదిలో కూర్చునే చివరి గ్రంథం రాశాడట. ఆయన నడిచిన దారి పొడవునా ఘంటం గుర్తు చెక్కిన రాళ్లు పాతారు. ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి ఆ రాళ్ల వెంట నడుస్తారు. కాళ్లు బొబ్బలెక్కినవాళ్లు సగంలో చేతులెత్తేసి బస్సెక్కుతారు. వాళ్లకు టికెట్లు కొట్టిందీ, "భిక్షువుగారికి బస్సు దొరకలేదు గానీ బాబూ, మీరు అదృష్టవంతులు" అని ఎకసెక్కెం ఆడిందీ హోల్డానక్కే.

అలా నవ్వుతూ నవ్వుతూనే ఆమెకు ఒక కోరిక పాతుకుపోయింది. గుర్తు రాళ్లు ఒక స్టాపు దగ్గర పొదల్లోకి దూరి, ఇంకో స్టాపు దగ్గర బయటపడేవి. నడుమ ఏముందో ఆమె ఏనాడూ చూడలేదు. రిటైరవగానే ఇంట్లో చెప్పేసింది.

"మొదటి రాయి నుంచి రాతిగది దాకా నడుస్తాను. మధ్యలో బస్సు మెట్టు మీద కాలు పెట్టను."

"మోకాళ్లను అడిగావా?" అన్నాడు భర్త.

"గతుకుల రోడ్డు మీద ఇన్నేళ్లు నిలబడ్డ మోకాళ్లు. అవే నన్ను అడుగుతున్నాయి, ఎప్పుడు బయల్దేరదామని."

తోడికోడలు తానూ వస్తానంది. ఇంటి ముందు గదిలో కుట్టుమిషను వేసుకుని బట్టలు కుట్టే మనిషి. గుమ్మం దాటితే ఆయాసం.

"నువ్వు నిలబడి సంపాదించావు, నేను కూర్చుని సంపాదించాను. నా కాళ్లు ఇంకా కొత్తవే అక్కా, వాడనే లేదు" అంది.

ఇద్దరూ బయల్దేరారు. పొదల వెనక హోల్డానక్క ఊహించుకున్న వింతలేవీ లేవు. ఒక పిల్లకాలువ, ఇటుకబట్టీ, ఆరేసిన దుప్పట్లు. అయినా ఆమె కళ్లు చాలడం లేదు. బస్సులోంచి వీధి గుమ్మాలు మాత్రమే చూసిన ఇళ్లకు ఇప్పుడు పెరళ్లు చూస్తోంది. కిటికీ సీటు కోసం రోజూ ఆమెతో తగువు పడిన పెద్దమనిషి బీరపాదుకు నీళ్లు పోస్తూ, గొంతెత్తి పాడుకుంటున్నాడు. ఆమెను చూసి నాలిక కరుచుకున్నాడు.

"పాడండి, పాడండి. పాటకు టికెట్టు లేదు" అంది హోల్డానక్క.

చివరిరోజు కొండ మొదట్లో తోడికోడలు ఒక రాతి మీద చతికిలబడింది. బట్ట బూటు విప్పితే మడమ తోలు ఊడిపోయి ఎర్రగా ఉంది.

"నిన్నట్నించీ దాస్తున్నావా? చెప్పడానికి నోరు లేదటే?"

"చెప్తే నువ్వు ఆగిపోతావని. నువ్వు నడిచెయ్యక్కా. ఇక్కడ బస్సు ఆగుతుందిగా, నేను అందులో వచ్చి పైన కూర్చుంటా."

ఎదురుగా బాట కొండెక్కిపోతోంది. ఒక్క చివరి ముక్క. హోల్డానక్క దానివంక చూసింది, మడమవంక చూసింది.

"నిన్నొక్కదాన్నీ బస్సెక్కించి నేను ఊరేగాలా? ఇద్దరం ఎక్కుదాం. బాట ఎక్కడికీ పారిపోదులే" అంది. అందిగానీ గొంతులో జీవం లేదు.

బస్సు వచ్చింది. స్టాపులో జనం ఒక్కసారిగా తలుపు మీద పడ్డారు. హోల్డానక్కకు అది చూడ్డమే తడవు, ఒళ్లు తెలియలేదు.

"దిగేవాళ్లని దిగనివ్వండి! తాతా, కర్ర ముందు పెట్టు. అమ్మాయ్, సంచి లోపలికి లాక్కో, లోపలికి జరగండి!"

ఒక్కొక్కరినీ సర్ది ఎక్కించింది. ఆఖరి మనిషి మెట్టెక్కాడు. ఆమె బస్సు ఒంటి మీద టపటపా రెండు చరిచి "రైట్ రైట్!" అంది. బస్సు వెళ్లిపోయింది.

దుమ్ములో ఇద్దరూ నిలబడి ఉన్నారు.

"అక్కా," అంది తోడికోడలు నెమ్మదిగా, "మనం ఎక్కలేదు."

హోల్డానక్క తన చేతివంక అది వేరెవరి చెయ్యో అన్నట్టు చూసుకుంది. "నీ మీదొట్టే. కావాలని కాదు."

తోడికోడలు నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకోలేక మళ్లీ రాతి మీద కూలబడింది. "ఊరందర్నీ ఎక్కించి ఇంట్లోవాళ్లని రోడ్డు మీద వదిలేశావు కదే తల్లీ! ఇంకో బస్సు ఎప్పుడు?"

"చీకటి పడ్డాక. అప్పటికి గది మూసేస్తారు."

"అయితే ఇక కూర్చుని లాభమేముంది?" తోడికోడలు కొంగుకు గుచ్చుకున్న సూది తీసింది. తువ్వాలు చింపి, మడతలు పెట్టి, మడమ ఒరుసుకునేచోట బూటు లోపల మెత్తగా కుట్టుకుంది. వేసుకుని నాలుగడుగులు వేసి చూసింది. "నొప్పి ఉంది. కానీ నడవలేనంత నొప్పి కాదు. పద."

ఒకరి భుజం ఒకరు పట్టుకుని, ప్రతి రాయి దగ్గరా కూర్చుంటూ ఎక్కారు. పైకి చేరేసరికి ఎండ పచ్చబడింది. తాళంచెవులు పట్టుకున్న కాపలాదారు వాళ్ల కాళ్లకేసి చూసి తలుపు బార్లా తెరిచి పట్టుకున్నాడు.

"మొదటి రాయి నుంచీ నడిచే వచ్చారా అమ్మా?"

"బస్సు ఆగిందండీ. మా అక్కే పొమ్మంది" అంది తోడికోడలు గొప్పగా.

లోపల భిక్షువు కూర్చున్న రాయి నడుమ గుంట పడి ఉంది. తోడికోడలు దాన్ని తడిమి, "పాపం, ఈయనదీ కూర్చుని చేసే పనే. నడుము ఎంత పీకిందో" అని కాళ్లు చాపుకుంది.

హోల్డానక్క కిటికీ దగ్గర నిలబడింది. కింద రోడ్డు, దాన్ని తాకుతూ వదిలేస్తూ బాట, మొత్తం కనిపిస్తోంది.

"అదిగో, ఆ పొదలున్నాయి చూడు, వాటి వెనక కాలువ. ఆ పక్కన ఇటుకబట్టీ..."

"నేనూ నీతోనే నడిచా కదక్కా!"

"ఉండవే, నన్ను చెప్పుకోనీ."