కుట్టుమిషను కేసులో బావగారు

2023లో నందిగామ కోర్టులో జరిగిన లోక్ అదాలత్ అది. అప్పటికి నేను అడ్వకేట్‌నై రెండేళ్లు. ఎనిమిది నెలల పాపను జగ్గయ్యపేటలో అమ్మ దగ్గర వదిలి, పాలు తాగిందో లేదో అనుకుంటూనే కోర్టుకు వెళ్లేదాన్ని. లోక్ అదాలత్ అంటే చిన్న తగాదాలను రాజీతో తేల్చే చోటు. కోర్టు ఫీజు ఉండదు. రాజీ కుదిరితే దాన్ని అవార్డుగా రాసి ఇరుపక్షాల చేతా సంతకాలు పెట్టిస్తారు. ఆ తర్వాత అప్పీలు లేదు.

నాగమణిది పెనుగంచిప్రోలు. జాకెట్లు కుడుతుంది. కొత్తగా కొన్న మోటారు మిషను నెల తిరక్కుండానే కుట్లు వదిలేయసాగింది. షాపు యజమాని మార్చనన్నాడు. పెళ్లిళ్ల రోజులు కావడంతో ఆమె ఒప్పుకున్న పని పక్క వీధి టైలరుకు పోతోంది.

“జడ్జి గారిని ఏమని పిలవాలండి?” అని అడిగింది ముందురోజు.

“యువర్ ఆనర్ అంటారు. అమ్మా, అయ్యా అన్నా తప్పులేదు. నిలబడి చెప్పండి. షాపాయన ఏమన్నా ఆయన వైపు తిరగొద్దు, జడ్జి గారికే చెప్పండి.”

“సినిమాల్లో మై లార్డ్ అంటారుగా?”

“అది హైకోర్టులో.”

“మా మిషను అంత దూరం పోలేదులెండి.”

నా కంగారు కొద్దీ ఆమె చేత మూడుసార్లు చెప్పించాను. చక్కగా చెప్పింది.

మర్నాడు ఆమెతో భర్త అన్నగారు వచ్చారు. తెల్ల చొక్కా, భుజాన కండువా. జడ్జి గారు కూడా ఆడవారే. “ఏంటమ్మా నీ ఇబ్బంది?” అని అడిగారు. నాగమణి లేచి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, తల వంచుకుంది.

“మా మరదలికి భయమండి, నేను చెప్తా. మిషను నేనే దగ్గరుండి కొనిపెట్టా. రిపేరు చేసిస్తే చాలండి,” అన్నారు బావగారు.

“రేపే చేయిస్తానండి,” అన్నాడు షాపు యజమాని. అంత వెంటనే ఒప్పుకోవడం నాకు వింతగా తోచింది. అవార్డు రాశారు. నాగమణి పెన్ను పట్టుకుంది కానీ సంతకం పెట్టలేదు.

జడ్జి గారిని ఐదు నిమిషాలు అడిగి ఆమెను వరండాలోకి తీసుకెళ్లాను.

“నిన్న అంత బాగా చెప్పారు. ఇవాళ ఏమైంది?”

“బావగారి ముందు ఎప్పుడన్నా మాట్లాడానా అండీ? పైగా ఇది…” అంటూ ఫోను తీసింది.

మిషను తెచ్చిన రోజే, నూనె వేయడానికి సూది కింది పలక విప్పి తీసిన ఫొటో అది. లోపల మూడు రంగుల దారపు పీచు ముద్దకట్టి ఉంది.

“కొత్తదాంట్లో ఇంత పీచు ఎక్కడిదండి? ఎవరో ఏడాది కుట్టిన మిషను. ఆ మాట అంటే, బావగారికి పాతది అంటగట్టారని నలుగురిలో అన్నట్టేగా. ఆయన తల ఎక్కడ పెట్టుకుంటారు?”

నిన్న నాకు కూడా ఎందుకు చెప్పలేదో అప్పుడు అర్థమైంది. లోపలికి వెళ్లి, కక్షిదారులను మాత్రమే విడిగా వినమని జడ్జి గారిని కోరాను. ఆవిడ నాగమణిని ఒకసారి చూసి, “పెద్దాయనా, మీరు కాస్త టీ తాగి రండి,” అన్నారు.

తలుపు పడగానే నాగమణి తలెత్తింది. నేను నేర్పిన యువర్ ఆనర్ ఏమైపోయిందో. “అమ్మా, ఇది చూడండి,” అని ఫోను ముందు పెట్టింది. తేదీ చూపించింది. షాపు యజమాని, “గోడౌన్‌లో కుర్రాళ్లు పొరపాటున…” అని ఆగిపోయాడు. వారంలో సీలు విప్పని కొత్త మిషను ఇవ్వాలని అవార్డు మార్చి రాశారు. ఈసారి నాగమణి తడుముకోకుండా సంతకం పెట్టింది.

బావగారు తిరిగొచ్చి, కొత్త మిషను ఇస్తున్నారని విని మీసం సవరించుకున్నారు.

“చూశావా, పెద్దమనిషి ఒకడు వెంట ఉంటే పని ఎట్టా అవుద్దో.”

నాగమణి తలొంచుకుని, నా వైపు ఓరగా చూసింది.

జడ్జిని ఎలా పిలవాలో ఇప్పటికీ అందరికీ చెబుతాను. కానీ అంతకన్నా ముందు ఒకటి అడుగుతాను: “రేపు మీతో ఎవరొస్తున్నారు?”