అక్క స్పీకర్లు, చెల్లెలి గుడ్డలు

హలో అక్కయ్య అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఎవరైనా తలుపు కొడితే "హలో" అంటుంది, కూరలబండి అతన్ని పిలవాలన్నా "హలో" అనే కేకేస్తుంది. దాంతో పిల్లా పెద్దా అందరికీ ఆవిడ హలో అక్కయ్యే అయిపోయింది. చెవులు మాత్రం పాము చెవులు. లైనులో కాస్త గరగర వినబడితే చాలు, తప్పు ఎటువైపు ఉందో ఇట్టే చెప్పేసేదట. అంత చెవి ఇచ్చిన దేవుడు నోరు కూడా అంతే ఇచ్చాడు. ఏదైనా మొహాన అనేయడమే గాని, కాస్త మెత్తగా చెబుదామనే ఆలోచన ఆవిడకు ఏనాడూ పుట్టలేదు.

ఆవిడకు లోకంలో ఉన్నవి రెండే: ఒక చెల్లెలు, ఒక స్టీరియో. అక్కచెల్లెళ్లిద్దరికీ పెళ్లిళ్లు కుదరలేదు. అమ్మానాన్నలు పోయాక ఉన్న రెండు గదులూ ఇద్దరూ పంచుకున్నారు. పంచుకోవడమేమిటి నా మొహం, ముందుగది మొత్తం చెల్లెలి గుడ్డలదే. చెల్లెలు దర్జీపని చేసేది. గోడల పొడుగునా గుడ్డ తానులు, మంచం కింద పీలికల మూటలు, కుర్చీల మీద సగం కుట్టిన కోట్లు, కిటికీలకు ఎవరివో కర్టెన్లు ఆరేసి ఉండేవి. ఆ గుట్టల మధ్య కాస్త చోటు చేసుకుని, బల్లకు అటొకటి ఇటొకటి అక్కయ్య స్పీకర్లు.

సాయంత్రం కాగానే అక్కయ్య వాటి ముందు కుర్చీ వేసుకునేది. ఇక అప్పట్నుంచి ఇల్లు ఇల్లు కాదు, కోర్టు. గిన్నె చప్పుడు కాకూడదు, కత్తెర చప్పుడు కాకూడదు, మిషను అసలే కాకూడదు. చెల్లెలు అరిచేతులు ఒళ్లో పెట్టుకుని, చీకటిపడే వేళకు పని ఆపుకుని కూర్చునేది. పాట అయిపోయాక, "బాగుంది కదక్కా" అనేది. "నీకేం తెలుసే" అనేది అక్కయ్య.

ఒకరోజు స్పీకరు జాలీలోంచి దారపు పోగొకటి లాగుతూ అక్కయ్య అనకూడని మాట అనేసింది.

"నీ గుడ్డపీలికలు ఉన్నంతకాలం ఈ ఇంట్లో ఒక్క పాటైనా సుఖంగా వినే రాత లేదే నాకు!"

చెల్లెలు ఎదురుచెప్పే రకం కాదు. పెదవుల మధ్య ఉన్న గుండుసూదులు తీసి డబ్బాలో వేసింది. ఆ వారం తిరక్కుండానే బజారు వెనక ఒక గది చూసుకుంది. తానులు, మూటలు, మిషను, చివరికి గోడకు కొట్టిన మేకులు కూడా పీక్కుని పోయింది. గుమ్మం దగ్గర నిలబడి, "ఇక హాయిగా విను అక్కా" అంది. అందులో దెప్పిపొడుపు లేదు. నిజంగానే అంది. అదే ఆ పిల్లతో వచ్చిన చిక్కు.

అక్కయ్య గది ఊడ్చుకుంది, స్పీకర్లు తుడుచుకుంది, కుర్చీ సరిగ్గా మధ్యకు లాక్కుని తనకు ప్రాణమైన పాట పెట్టుకుంది. తీరా చూస్తే ఏముంది? మాట మీద మాట పడుతోంది. వీణ మీటితే ఆ మీటు పోకుండా ఇంకో మీటు దాని నెత్తిన కూర్చుంటోంది. ఎవరో బావిలో కూర్చుని పాడుతున్నట్టు ఉంది.

"హవ్వ! ఇదేం రోగం?" అంది అక్కయ్య, వినేవాళ్లు లేకపోయినా.

ఎక్స్ఛేంజిలో ఆవిడ నేర్చుకున్న పద్ధతి ఒకటుంది. తప్పు ఎక్కడుందో తెలియాలంటే లైనును ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కా విడిగా చూడాలి. ఆ లెక్కన ముందు క్యాసెట్టు తిరిగే చోట స్పిరిట్లో ముంచిన దూదితో తుడిచింది. తేడా లేదు. ఎడమ స్పీకరు కుడికీ, కుడిది ఎడమకీ మార్చింది. లేదు. తీగల కొసలు చెక్కి, ప్లస్సుకు ప్లస్సూ మైనస్సుకు మైనస్సూ చూసి మళ్లీ బిగించింది. తీగలే కొత్తవి తెచ్చి వేసింది. ఊహూ. ఆ పనుల్లో పడి అన్నం వండుకోవడం మరిచిపోయిన రోజులున్నాయి. మరిచిపోయిందని గుర్తుచేసే మనిషీ లేదు.

అన్ని ముక్కలూ అయిపోయాక ఇక ఒక్క ముక్కే మిగిలింది. చెల్లెలికి ఫోను చేసింది.

"ముందు ఆ మిషను ఆపి మాట్లాడు. పోతూపోతూ నా స్పీకర్లనేమైనా కదిపావుటే?"

అవతల మిషను ఆగింది. "నేనా? దుమ్ము తుడవాలన్నా భయమే అక్కా నాకు. వాటినెప్పుడు ముట్టుకున్నాను?"

"మరి దెయ్యం ముట్టుకుందా? నువ్వు వెళ్లిన దగ్గర్నుంచే ఇట్లా అయింది!"

"నీకు అడ్డం లేకుండా వచ్చేశాను కదా. ఇంకా నాదే తప్పా అక్కా?"

లైను తెగిపోయింది. జీవితమంతా ఇతరుల లైన్లు కలిపిన మనిషి, తీసిన మనిషి. తన చెవిలో ఒకరు ఫోను పెట్టేయడం ఆవిడకు అదే మొదలు. ఆదివారం ఆదివారం చెల్లెలు చేసే ఫోను కూడా ఆ తర్వాత రాలేదు. ఆ ఫోను ఇక రాదని ఒప్పుకోకుండా, అక్కయ్య ఆదివారాలు దాని పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకునేది.

చివరికి రేడియో మెకానిక్కుకు కబురు పెట్టింది. అతను మంచివాడే, కాకపోతే మాట్లాడడం మొదలుపెడితే ఆపడానికి స్విచ్చి లేదు. కొట్టు అద్దె భరించలేక సగం చోటు పరుపులు కుట్టే అతనికి ఇచ్చాడు. స్పీకర్లు అక్కడికి మోయించుకుపోయి, అక్కయ్యను ఎదురుగా కూర్చోబెట్టి, ఒక పాట పెట్టాడు. అక్కయ్య నోరు తెరుచుకుని ఉండిపోయింది. పాడేవాళ్లు ఊపిరి పీల్చడం కూడా వినబడుతోంది.

"వీటికేం రోగం అక్కయ్యగారూ? గుండ్రాయిలా ఉంటేనూ!"

సంబరపడిపోతూ ఇంటికి తెచ్చి బిగించారు. పాట మళ్లీ బావిలో పడింది.

"ఇదేమిటండీ, కొట్లో బ్రహ్మాండంగా మోగాయి కదా!"

"నన్నడుగుతావేమిటయ్యా? మెకానిక్కువి నువ్వా, నేనా?"

అతను తల గోక్కుంటూ వెళ్లిపోయాడు. గుమ్మం దాటాక స్క్రూడ్రైవరు మరిచిపోయిన సంగతి గుర్తొచ్చి మళ్లీ తలుపు కొట్టాడు. అక్కయ్య అలవాటు కొద్దీ లోపల్నుంచి "హలో" అని గట్టిగా పలికింది.

గోడలు "లో" అన్నాయి.

అక్కయ్య కదలకుండా నిలబడిపోయింది. ఇంకోసారి, ఈసారి గోడవైపు తిరిగి, "హలో" అంది. మళ్లీ అదే. దూరపు లైన్లలో మన మాట మనకే తిరిగొచ్చే జబ్బు ఆవిడకు తెలియంది కాదు. ఆవిడ తీగలన్నీ వెతికింది గాని గదిని వెతకలేదు. మెకానిక్కు కొట్లో ఏముంది? నేల నుంచి కప్పుదాకా దూది, పరుపులు. మరి ఈ గదిలో ఏముండేవి?

స్క్రూడ్రైవరు అతని చేతికిచ్చి, తలుపేసుకుని, అక్కయ్య నేల మీద చతికిలబడింది. ఇన్నేళ్లూ పాటను పాడుచేస్తున్నాయని నోరు పారేసుకున్నది ఆ గుడ్డల మీదే. పాటను గోడలకు కొట్టుకోకుండా ఆవిడ చెవిదాకా జాగ్రత్తగా తెచ్చింది కూడా ఆ గుడ్డలే. సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకే ఏడుపు కూడా వచ్చింది. ఆ ఏడుపు కూడా గోడలకు తగిలి తిరిగొస్తుంటే, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అయినా ఫోను చేయడానికి చెయ్యి రాలేదు. మర్నాడు మెకానిక్కు చేత చెల్లెలికి కబురు పంపింది, కిటికీలకు మందపాటి కర్టెన్లు కావాలని. "ఎవరికని అడిగితే నీ ఇంటికేనని చెప్పు" అంది. ఆ చెల్లెలికి ఆ కిటికీలు తెలియవా? కొలతలు కూడా అడగలేదట. కర్టెన్లు వచ్చాయి, లోపల రెండో వరుస గుడ్డ వేసి, నేల దాకా. అంగుళం తేడా లేదు. తెచ్చింది మాత్రం మెకానిక్కే. అతని వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని అక్కయ్య వీధి చివరిదాకా చూసింది.

కర్టెన్లు వేలాడదీశాక పాట బావిలోంచి బయటికొచ్చింది. అక్కయ్య ఆశకొద్దీ ఒకదాని తర్వాత ఒకటి క్యాసెట్లన్నీ విన్నది. పెట్టె అడుగున ఒకటి దొరికింది. ఎప్పుడో రేడియోలో వేణువు కచేరీ వస్తుంటే, ఎదురుగా మైకు పెట్టి పట్టిన క్యాసెట్టు. మధ్యలో చెల్లెలి మిషను చప్పుడు పడిందని పనికిరానిదిగా పక్కన పడేసింది. మళ్లీ ఎప్పుడూ వినలేదు.

వేణువు మొదలైంది. వెనక సన్నగా మిషను చప్పుడు. అంతలో ఒక గొంతు, రేకు మీద రాయి వేసినట్టు:

"కాస్త ఆ మిషను ఆపి చావవే!"

అక్కయ్య ఉలిక్కిపడింది. ఎవరిదీ గొంతు? ఉద్యోగమంతా లోకం గొంతులు విన్నది గాని, తనది బయటినుంచి ఎప్పుడూ వినలేదు. మిషను టక్కున ఆగిపోయింది. "ఆపేశానక్కా" అని చిన్న గొంతు. తర్వాత కత్తెరను చప్పుడు కాకుండా బల్ల మీద ఆనించిన అలికిడి. ఆ పైన వేణువు ఒక్కటే. మిషను మళ్లీ మొదలవుతుందేమోనని అక్కయ్య చెవులు రిక్కించి చివరిదాకా విన్నది. మొదలవలేదు.

లేచి వెళ్లి ఫోను తీసింది.

"హలో" అంది. గది ఏమీ తిరిగి అనలేదు.

"అక్కా? కర్టెన్లు సరిపోయాయా?" వెనక మిషను నడుస్తోంది.

"సరిపోయాయే. నువ్వు ఇంటికి వచ్చెయ్యి. నీ గుడ్డలన్నీ తెచ్చేసుకో. ఒక్క మాటంటే ఒట్టు."

"ఇక్కడ అలవాటైపోయిందక్కా. ఎంతసేపు తొక్కుకున్నా ఎవరూ ఏమీ అనరు" అంది. కోపం లేదు. నిజంగానే అంది. "ఉండు, మిషను ఆపుతాను. నీకు సరిగ్గా వినబడదు."

"ఆపకు."

"ఆఁ?"

"ఆపకే. నువ్వు కుట్టుకో. నేను లైన్లో ఉంటాను."

అవతల మిషను అప్పటికే ఆగిపోయింది. తర్వాత మిషను మెల్లగా, అడగనా వద్దా అన్నట్టు, మళ్లీ కదిలింది. అక్కయ్య స్టీరియో కట్టేసి, కుర్చీని ఫోను దగ్గరికి లాక్కుంది.