తెర నిండా అవ్వ

డిగ్రీ చదవడానికి శ్రీరాంపూర్ నుంచి కరీంనగర్ వచ్చి హాస్టల్లో చేరాను. అంతకు కొన్ని నెలల ముందే మా అమ్మ జబ్బు చేసి చనిపోయింది. ఆమెను నేను అవ్వ అనే పిలిచేదాన్ని. ఆ సంగతి హాస్టల్లో ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగనూ లేదు.

కంప్యూటర్ ల్యాబ్‌లో మొదటి పరీక్ష. ఏదైనా ఒక మాటను ఐదుసార్లు చూపించే ప్రోగ్రాం రాయమన్నారు. నాకు తోచిన మాట ‘అవ్వ’. అదే ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాను. కానీ ఎన్నిసార్లు వచ్చిందో లెక్క పెంచే వరుస రాయడం మరిచిపోయాను. ఆ లెక్క ఐదుకు చేరితేనే ప్రోగ్రాం ఆగుతుంది. నడిపించగానే తెర నిండా అవ్వ, అవ్వ అంటూ ఆగకుండా రావడం మొదలైంది. ఏ మీట నొక్కినా ఆగలేదు.

“పిల్లకు అవ్వ యాదికొచ్చింది, ఇంటికి తోలుండ్రి!” అని వెనక నుంచి ఎవరో అన్నారు. ల్యాబంతా నవ్వింది.

పరీక్ష పెడుతున్న సార్ మాత్రం నవ్వలేదు. ప్రోగ్రాం ఆపి, “ఏడ తప్పు వోయిందో చెప్తవా బిడ్డా?” అన్నారు. లెక్క పెంచే వరుస రాయలేదని చెప్పాను.

“గంతే! ఫికర్ చెయ్యకు, సరిచెయ్యి.”

ఆ వరుస చేర్చి మళ్లీ నడిపాను. అవ్వ ఐదుసార్లు వచ్చి ఆగిపోయింది. సార్ శభాష్ అని మార్కులు వేస్తుంటే నాకు ఏడుపు ఆగలేదు.

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. అదివరకు ఎన్నడూ మాట్లాడని పక్క సీటు అమ్మాయి నా వెనకే వచ్చింది.

“మీ అవ్వ ఏడుంటది?”

“లేదు. సచ్చిపోయింది.”

ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది. ఆ ప్రశ్న ఎవరైనా అడగాలని అన్ని నెలలుగా ఎదురుచూస్తున్నానని నాకు అప్పుడే తెలిసింది.