గవాచి మూసిన మిద్దె

మా అనంతపురం జిల్లాలో ఆకాశం వైపు చూడనివాడు లేడు. సొంత మిద్దె ఎక్కి చూసినవాడూ లేడు. వాన కోసం అందరూ తలలెత్తుతారు గానీ, ఆ వాన వస్తే మొదట ఎక్కడ పడుతుందో ఎవరికీ తట్టదు. ఉరిమిన తరువాత నాకు ఫోన్ చేస్తారు. "అన్నా, ఇల్లు కారతాండాది, బిరీన రా." నిన్నటిదాకా ఏం చేస్తున్నారని అడిగితే, "నిన్న కార్లేదు కదన్నా" అంటారు. పైకప్పుల మరమ్మతు చేసి బతికేవాణ్ణి నేను. ఈ జవాబుకు నవ్వడం ఎప్పుడో మానేశాను.

ఈ పని నాకు ఏ మేస్త్రీ నేర్పలేదు. పదో తరగతి తప్పిన ఎండాకాలం ధర్మవరం లైబ్రరీలో ఫ్యాను కింద కూర్చోవడానికి వెళ్లి, గృహనిర్మాణం మీద అట్ట ఊడిన పుస్తకం ఒకటి తెరిచాను. నీళ్లు కింద కారే చోటు వేరు, పైన దిగే చోటు వేరు అని అందులో బొమ్మ వేసి మరీ చెప్పారు. తరువాత నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకాలు కూడా చదివాను. ఇంట్లోని వేడిగాలి పైకి పోయే దారి లేకపోతే కప్పు ఎంత గట్టిదైనా దండగేనని వాటిలో తెలుసుకున్నాను. జీవితమంతా తాపీ పట్టుకుని, ఆ రెండు సంగతులూ తెలియకుండానే ముసలివాళ్లైన మేస్త్రీలు నాకు చాలామంది తెలుసు. వాళ్లకు తెలిసిన వైద్యం ఒక్కటే. ఎక్కడ కారితే దానికి నేరుగా పైన సిమెంటు పామడం.

అలాంటి ఒకణ్ణి మా బావ ఇంటికి పిలిపించుకున్నాడు.

బావ, మా అక్క ధర్మవరంలో పట్టుచీరలు నేస్తారు. వాళ్లది మట్టి మిద్దె. దూలాల మీద బండలు, బండల మీద చౌడుమట్టి. చౌడు తడిస్తే బంకలా పట్టుకుని నీటిని కిందికి దిగనివ్వదు. ఏటా వానలకు ముందు కొత్త చౌడు పరిచి దిమ్మిసతో కొట్టాలి, అంతే. మగ్గం ఉన్న గదికి పైన గవాచి ఉండేది. గవాచి అంటే గాలీ వెలుతురూ దిగడానికి మిద్దెకు వదిలే చదరపు కంత. వాన వస్తే దాని మీదికి బండ జరుపుతారు.

చుట్టుపక్కల అందరూ స్లాబులు వేసుకుంటే తాను ఇంకా మన్ను మోయడమేమిటని బావకు నామోషీ వచ్చింది. మేస్త్రీని పిలిచి చౌడు మీదే రెండు అంగుళాల సిమెంటు పోయించాడు. గవాచికి బండ పెట్టి, చుట్టూ సిమెంటు మెత్తించాడు. పిట్టగోడ వెంట, నీళ్లు బయటికి పోయే తూము అంచు దాకా ఆ సిమెంటునే మడిచి, కింది చౌడు నుంచి తూములోకి ఉన్న సందు మూయించాడు. పని సగంలో ఉండగా వెళ్లి, వద్దన్నాను. చౌడు కదులుతుంది, సిమెంటు కదలదు, ఎండకు పగులుతుంది అన్నాను.

"ఏమప్పా, ఇది గూడా పుస్తకంలో రాసినారా?" అన్నాడు బావ.

"రాసినారు బావా."

"రాసినాయన మిద్దె కారతాండాదేమో పోయి చూసి రాపో."

మేస్త్రీ పళ్లు ఇకిలించాడు. నేను దిగి వచ్చేశాను.

ఒక్క ఎండాకాలానికి ఆ సిమెంటు ఎండిన చెరువు అడుగులా నెరియలు విచ్చింది. బావ డబ్బాలో దొరికే తెల్ల పూత తెచ్చి నెరియల మీద పూశాడు. కింద చూస్తే గవాచి లేని గది ఆవిరి పట్టిన డబ్బాలా ఉండేది. పగలే ట్యూబులైటు వేసుకుని నేసేవారు.

ఆ ఏడు ఒక పెళ్లిచీర పడుగు, అంటే నిలువు పట్టుపోగులు, మగ్గం మీద ఉండగా వాన వచ్చింది. పట్టు సావుకారుది. చెడితే ఆ ఇంటికి ఆయన మళ్లీ పడుగు ఇవ్వడు. ఆ మాట అక్క ఫోనులో ఏడవకుండా చెప్పింది. అందుకే పరిగెత్తాను.

వెళ్లేసరికి సరిగ్గా పడుగు మీదే ఎర్రనీళ్లు బొట్లుగా పడుతున్నాయి. అక్క టార్పాలిన్ కప్పి, మధ్యలో పల్లంలో చేరిన నీళ్లను చెంబుతో తోడుతోంది. బావ మిద్దె మీద వానలో కూర్చుని, మగ్గానికి నేరుగా పైన తడి సిమెంటు మెత్తుతున్నాడు. మెత్తింది మెత్తినట్టే వాన కడిగేస్తోంది. అయినా మెత్తుతున్నాడు. మనిషి మూర్ఖపు పనిని అంత ఓపికగా చేయడం నేను మరెక్కడా చూడలేదు.

నేను కింద దూలాలు తడిమాను. తడి గవాచి అంచు దగ్గర మొదలై, దూలం వెంట పాకి మగ్గం మీదికి వస్తోంది. నెరియల్లో దిగిన నీళ్లు సిమెంటుకూ చౌడుకూ మధ్య నిలిచాయి. తూము దారి మూసేశారు కనుక వాటికి మిగిలిన దారి గవాచి ఒక్కటే. గడ్డపార తీసుకుని పైకి ఎక్కి, తూము దగ్గర సిమెంటు పగలగొడతానన్నాను.

బావ అడ్డం నిలబడ్డాడు. "వానలో మిద్దెకు కంత పెడతావా? తిక్క పట్టిందా నీకు?"

"నీళ్లు బయటికి పోవల్ల బావా. అడ్డం లే."

"నా ఇల్లు ఇది! నీ లైబ్రరీ కాదు!"

కింద నుంచి అక్క అరిచింది. "ఏమయ్యా, పొద్దున్నుంచి నువ్వు చెప్పినట్టే చేస్తాంటిమి కదా! యాడ నిలబడింది కారడం? పక్కకు రా. రేయ్, పగలగొట్టు నువ్వు!"

నాలుగు పోట్లకు పెచ్చు లేచింది. దాని కింద నుంచి ఎర్రనీళ్లు తూములోకి దూకాయి. కాసేపటికి కింద బొట్లు పలచబడి ఆగాయి. బావ తాపీ కడుక్కుంటూ, "వాన గూడా తగ్గినాది కదా" అన్నాడు. వాన తగ్గలేదు. ఆయన గడ్డం నుంచి ధారగా కారుతోంది.

తరువాతి వారం సిమెంటంతా పెకలించి, చౌడు పరిచి కొట్టాను. గవాచి చుట్టూ అడుగు ఎత్తున ఇటుకల కట్టు కట్టి, పైన అద్దం బిగించి, అద్దం కింద నాలుగు పక్కలా గాలికి జాలీ పెట్టాను. వాన దిగదు, వేడి నిలవదు. దుమ్ము పడకుండా అన్నాళ్లూ మగ్గం టార్పాలిన్ కిందే ఉంది. పడుగుకు ఏమీ కాలేదని, తాను టార్పాలిన్ ఎత్తి ట్యూబులైటు కింద చూశానని బావ వీధంతా చెప్పుకున్నాడు.

టార్పాలిన్ తీసిన రోజు గవాచిలోంచి వెలుతురు నిటారుగా పడుగు మీద పడింది. అరచేతి వెడల్పున, మట్టిరంగు మరక.

బావ వంగి మరకను వేలితో తడిమాడు. తరువాత నా వైపు తిరిగాడు. "నీ గవాచి లేకుంటే ఎవునికీ కనపడేది కాదు గదప్పా!"

సిమెంటు పోయించినవాడు, తూము మూయించినవాడు, మరక పడిన తప్పును చివరికి వెలుతురు మీద వేశాడు. నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఇలాంటి మనిషికి చెప్పాల్సిన జవాబు లేదు.

అక్క అప్పటికే మగ్గం గుంటలోకి దిగింది. మరక పడిన ముక్క కత్తిరించి, కొత్త పోగు కలిపి పురి పెట్టాలి. ఒక్కొక్క పోగుకూ అలాగే. కొన్ని వందల పోగులు. ఆమె ట్యూబులైటు ఆర్పమని నాకు చెయ్యి చూపించి, మొదటి పోగు వెలుతురులోకి ఎత్తి పట్టుకుంది.

"నోరు మూసుకోని ఈ కొస పట్టుకోవయ్యా" అంది బావతో.

ఆయన వంగి పట్టుకున్నాడు.