ఆదివారం చూసిన గల్లీ

జూలై ఒకటో తారీఖున నాంపల్లి ఆఫీసులో చేరాలని నాకు ఉత్తర్వు వచ్చింది. మా ఆయన మండలాఫీసులో అటెండరుగా పనిచేస్తూ రెండేళ్ళ కిందట చనిపోయాడు. ఆ కారణంగా వచ్చిన ఉద్యోగమే ఇది. మా వైపు ఖాళీ లేదని హైదరాబాదులో ఇచ్చారు. పాప తొమ్మిదో తరగతి, బాబు నాలుగు. బళ్ళు తెరిచి రెండు వారాలు కూడా కాలేదు.

"పిల్లలను గీడనే ఉంచు. నువ్వు ఆదివారం ఆదివారం వచ్చి పో" అంది మా యారాలు లక్ష్మక్క. ఆమె మా బావగారి భార్య. వాళ్ళకు పిల్లలు లేరు. మావాళ్ళు ఆమెను పెద్దమ్మ అని పిలుస్తారు. "సిటీల నిన్ను నువ్వు చూసుకునుడే కష్టం. ఇద్దరిని వెంటేసుకొని యాడ తిరుగుతవ్?" అని కూడా అంది. నాకు చేతకాదని అన్నట్టే వినిపించింది నాకు. పిల్లలతో ఉండే ఇల్లు వెతుక్కుని వచ్చాకే మాట్లాడాలనుకున్నాను.

నాలాగే బడి పిల్లలను వెంటబెట్టుకుని ఊరు మారే ఆడవాళ్ళు చాలామంది ఉంటారు. వాళ్ళలో ఒకరికైనా పనికొస్తుందని ఈ రెండు రోజుల సంగతి రాస్తున్నాను. నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. పాప ఒకటో తరగతి చదివేటప్పుడు పక్కన కూర్చుని నేర్చుకున్నాను, తర్వాత ఓపెన్ స్కూల్లో పదో తరగతి రాశాను. ఇప్పటికీ ప్రతి బోర్డు దగ్గరా ఆగి చదువుతాను కాబట్టి నేను చెప్పిన టైములో మీరు ఇంకాస్త తగ్గించుకోవచ్చు.

ఆదివారం తెల్లవారగానే బయలుదేరాను. మా ఊళ్ళో అంగడి ఆదివారమే. కూరగాయల బండ్లు అప్పటికే దారికి అడ్డంగా దిగుతున్నాయి. ఆటో ఊరు దాటేసరికే ఆలస్యమైంది. తాండూరులో ఏడు దాటాక రైలు దొరికింది. జనరల్ టికెట్టు వంద రూపాయల లోపే. కిటికీ పక్కన సీటు కావాలంటే పావుగంట ముందుగా వెళ్ళండి.

ఎదురుగా ఒకామె నేరేడు పండ్ల గంపతో కూర్చుంది. ఎక్కడికని అడిగింది, చెప్పాను.

"ఇల్లు జూసేటప్పుడు గోడలు జూడకు, ముందుగాల నల్లా జూడు" అంది. "మా బిడ్డ సున్నం మంచిగున్నదని దిగింది. ఇప్పుడు దినాం బిందె పట్టుకొని పక్కింటోళ్ళ ముంగట నిలబడ్తది."

"మీ బిడ్డ ఎక్కడుంటది?"

"ఖైరతాబాద్. వినాయకుడు దగ్గర్నేనని మా అల్లుడు ఒకటే గొప్పలు. వినాయకుడు నీళ్ళు పోస్తడా మరి?" అని నవ్వి, దోసెడు పండ్లు నా కొంగులో పోసింది. బేగంపేటలో దిగిపోయింది. లక్డీకాపూల్ దాటాక పెట్టెలో కొద్దిమందిమే మిగిలాం. నాంపల్లిలో దిగేసరికి పది దాటింది.

ముందు ఆఫీసు ఎక్కడుందో చూసుకున్నాను. స్టేషను నుంచి నడవగలిగిన దూరమే. గేటుకు తాళం ఉంది. ఇంకో వారంలో నేనే ఈ గేటు లోపలికి వెళ్తానని వాచ్‌మన్‌కు చెప్పాలనిపించింది కానీ, అతను ఫోన్లో మాట్లాడుతున్నాడు. అక్కడి నుంచి అబిడ్స్ వైపు నడిచాను.

అబిడ్స్‌లో షట్టర్లన్నీ దించి ఉన్నాయి. ఫుట్‌పాత్ పొడవునా పాత పుస్తకాలు పరిచారు. అన్ని పుస్తకాలు ఒక్కచోట నేను ఎప్పుడూ చూడలేదు. ఒక తెలుగు కథల పుస్తకం తీసి మొదటి పేజీ చదవడం మొదలుపెట్టాను. చదివేటప్పుడు నా పెదవులు కదులుతాయి.

"అమ్మా, మెల్లగ సదువు, ఫికర్ లేదు. సదివినందుకు పైసల్ లేవు" అన్నాడు పుస్తకాలాయన. "అయిపోయినంక చెప్పు, అండ్ల ఏముందో నాక్కూడ తెలుస్తది."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను. ఆ పుస్తకం పెట్టేసి, బాబుకు రంగుల పటాల పుస్తకం ఒకటి తీసుకున్నాను.

ట్రూప్ బజార్ వైపు దిగే గల్లీలో రెండో అంతస్తుకు టు-లెట్ బోర్డు కనిపించింది. గల్లీ కడిగినట్టు ఖాళీగా ఉంది. ఒక పిల్లి నడి రోడ్డు మీద పడుకుంది. కింద అన్నీ ఎలక్ట్రిక్ సామాన్ల దుకాణాలే, మూసి ఉన్నాయి. అంగడి రోజే ఇంత నిమ్మళంగా ఉంటే మిగతా రోజులు ఇంకెంత బాగుంటుందో అనుకున్నాను. మా ఊళ్ళో పెరిగిన ఎవరైనా అలాగే అనుకుంటారు.

ఇంటామె నలభై ఐదేళ్ళ మనిషి, మెడలో కళ్ళజోడు వేలాడుతోంది. రెండు గదులు, వంటిల్లు, చిన్న బాల్కనీ చూపించింది. నల్లా తిప్పి చూశాను, నీళ్ళు వచ్చాయి. బాల్కనీలోంచి వంగి చూస్తే దూరంగా బడి గోడ కూడా కనిపించింది.

"మీ సారు ఏం చేస్తరు?" అని అడిగింది.

"లేరండి."

"లేరంటే? బయటి దేశం పోయిన్రా?"

"చనిపోయిండు."

ఆమె కాసేపు కళ్ళజోడు తుడుచుకుంది. "అయ్యో. మరి మొగదిక్కు ఎవలున్నరు?"

"మా బాబు ఉన్నడు. తొమ్మిదేండ్లు."

ఆమెకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వుతోనే ఇల్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. "మా ఆయన పాలమూరు పోయిండు. రేపు పొద్దున్నే వస్తడు, అడ్వాన్స్ ఆయన చేతిల పెట్టు" అంది.

మధ్యాహ్నం ఒక ఇరానీ హోటల్లోకి వెళ్ళాను. ఆడవాళ్ళు కూర్చునే వైపు 'ఫ్యామిలీ' అని రాసి ఉంది. చెక్క తెరలు కట్టిన చిన్న చిన్న గదులు. ఎంతమందని వెయిటర్ అడిగాడు. ఒక్కదాన్నే అన్నాను. నలుగురు పట్టే బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఒక చాయ్, రెండు సమోసాలు తెచ్చి పెట్టాడు. తెర అవతల ఎవరి పిల్లలో నీళ్ళ గ్లాసు కోసం కొట్లాడుకుంటున్నారు. చాయ్ చల్లారిపోయే దాకా వింటూ కూర్చున్నాను.

రాత్రి బస గురించి జాగ్రత్త చెప్పాలి. స్టేషను ఎదుటి లాడ్జిలో "తోడు ఎవరు లేరా అమ్మా? ఒక్క లేడీకి రూమిస్తే మా సేఠ్ గరమైతడు" అని పంపించేశారు. ఇంకోచోట గది ఉండి కూడా లేదన్నారు. చివరికి ఒక సత్రంలో ఆడవాళ్ళ హాలులో మంచం దొరికింది. ఆధార్ కార్డు, ఒక దుప్పటి దగ్గర పెట్టుకోండి. చీకటి పడకముందే వెతుక్కోండి.

మంచం మీద కూర్చుని ఇంటికి ఫోన్ చేశాను. ఫోన్ బాబు ఎత్తాడు.

"అమ్మా, నా సైకిల్ తెచ్చుకోవచ్చా?"

"తెచ్చుకో నాన్న. మన అంగడి వీధి కంటే ఖాళీగ ఉంది. ఎంతసేపైన తొక్కుకోవచ్చు."

వాడు ఆ మాట గట్టిగా అరిచి అందరికీ చెప్పాడు. లక్ష్మక్క ఫోన్ దగ్గరికి రాలేదు. నాకూ ఆ పూట ఆమెతో మాట్లాడకపోవడమే బాగుందనిపించింది, గెలిచినట్టుగా ఉంది. ఆ సంతోషం చెప్పుకోవడానికి పక్క మంచాల వాళ్ళెవరూ మేలుకుని లేరు.

సోమవారం తొమ్మిదిన్నరకు ఆ గల్లీకి వెళ్ళాను. వెళ్ళాననుకున్నాను, దాటి ముందుకు పోయాను. వెనక్కి వచ్చి మళ్ళీ దాటిపోయాను. మూడోసారి పైన టు-లెట్ బోర్డు చూసి గుర్తుపట్టాను. కింద నేల కనిపించడం లేదు. రెండు వైపులా స్కూటర్లు, మధ్యలో వైరు చుట్టలు దించుతున్న ట్రాలీ ఆటోలు, పైపుల బండ్లు. హమాలీలు "జరగమ్మా, జరుగు" అంటూ భుజాల మీద పెట్టెలతో వస్తున్నారు. యూనిఫాం వేసుకున్న ఇద్దరు ఆడపిల్లలు బ్యాగులు నెత్తిన పెట్టుకుని, స్కూటర్ల మధ్య అడ్డంగా నడుస్తున్నారు. పైప్ బండి వాళ్ళ మీదికి తిరిగింది. చిన్నది గోడకు అతుక్కుపోయింది. నా ప్రాణం పోయినంత పనైంది. ఆ పిల్ల మాత్రం బండివాణ్ణి ఒక తిట్టు తిట్టి నడిచిపోయింది.

ఇంటామె బాల్కనీలోంచి నన్ను చూసింది. "ఏంది, గాడనే నిలబడ్డవ్? పైకి రా!"

"రోజూ గిట్లనే ఉంటదా అక్కా?" అని కిందినుంచే అడిగాను.

"రోజెందుకుంటది? ఆదివారం ఉండదు గద!" అంది. తర్వాత నా ముఖం చూసి కొంచెం మెత్తబడి, "నిన్న జూసి మురిసినవా? ఆదివారం జూసినోళ్ళందరికి నచ్చుతది మా గల్లీ. జల్దిన చెప్పు, ఇంకొకరు అడుగుతున్నరు" అంది.

పైకి వెళ్ళలేదు. బాబు రాత్రి అరిచిన అరుపే చెవుల్లో ఉంది. మొజంజాహీ మార్కెట్ దాకా ఎందుకు నడుస్తున్నానో తెలియకుండానే నడిచి, ఒక అరుగు మీద కూర్చున్నాను. ఆ అరుగు మీద కూర్చుని, లక్ష్మక్కకు ఫోన్ చేసి నువ్వు చెప్పిందే నిజమని ఒప్పుకుందామా అనుకున్నాను. ఫోన్ తీసి మళ్ళీ సంచిలో పెట్టుకున్నాను.

మధ్యాహ్నం దాకా నాలుగు ఇళ్ళు చూశాను. మూడు చోట్ల మొగదిక్కు దగ్గరే మాట ఆగింది. నాలుగోది నాంపల్లి స్టేషను వెనక, మల్లేపల్లి వైపు వెళ్ళే దారిలో ఒక వాడకట్టులో ఉంది. పెద్ద గేటు లోపల నాలుగు వాటాలు, మధ్యలో బండలు పరిచిన ఖాళీ. ఇంటి యజమాని ముసలావిడను అందరూ ఖాలా అంటారు, అంటే పిన్ని. ఒకే ఒక గది, మూలకు వంటగట్టు. నీళ్ళు రోజు విడిచి రోజు.

"బచ్చేలెంతమంది?" అని అడిగింది ఖాలా.

"ఇద్దరు పిల్లలు. మా ఆయన లేడు."

"నాకు సుత లేడు బేటా, పన్నెండేండ్లాయె. మా వంట వాసన పడ్తదా నీకు?"

"మేమూ మాంసం తింటం."

"అయితే ఫికర్ లేదు." అంతటితో ఆమె ప్రశ్నలు అయిపోయాయి.

నాకు మాత్రం అయిపోలేదు. బండల మీద కూర్చున్నాను. గంట గడిచాక ఆమె మళ్ళీ బయటికి వచ్చింది. "ఏంది బేటా, జూసినవ్ గదా. ఇంకేం జూస్తున్నవ్?"

"పిల్లలు బడి నుంచి వచ్చే టైముకు ఎట్లుంటదో చూసి పోత."

ఆమె లోపలికి వెళ్ళి స్టూలు తెచ్చి వేసింది.

నాలుగున్నరకు పిల్లలు ఒక్కొక్కరే గేటు తోసుకుని వచ్చారు. చివర పదకొండేళ్ళ పిల్ల వచ్చి, మెడలోంచి తాళంచెవి తీసి ఎదుటి వాటా తలుపు తెరిచింది. పళ్ళెంలో అన్నం పెట్టుకుని గడపలో కూర్చుంది. పేరు నవ్య అని చెప్పింది. అమ్మ అబిడ్స్‌లో బట్టల దుకాణంలో పనిచేస్తుందట.

"అమ్మ ఎప్పుడొస్తది?"

"దుకాణం మూసినంక."

"అప్పటిదాక టీవీ చూస్తవా?"

"ఒక్కదాన్నే ఉంటే చూడబుద్ధి కాదాంటీ. ఖాలా పిలుస్తది గాని, అమ్మొస్తే కనపడనని గీడనే కూసుంట."

ఆ పిల్ల అన్నం మెతుకులు ఒక్కొక్కటే తింటోంది. మా ఇంట్లో ఆ వేళకు లక్ష్మక్క వేడి వేడి రొట్టెలు చేస్తుంది. పిల్లలు బ్యాగులు ఎక్కడో విసిరేసి పొయ్యి దగ్గరికే ఉరుకుతారు. నా ఆఫీసు వదిలి ఇక్కడికి చేరేసరికి ఆరు దాటుతుంది. అంతసేపు నా పిల్లలు ఇలాగే గడపలో కూర్చోవాలి. వాళ్ళకు ఏది మంచిదని అడిగితే ఎవరైనా అక్క పేరే చెబుతారు.

అయినా పొద్దుటి గల్లీ కళ్ళ ముందే ఉంది. ఒక్క ఆదివారం చూసి అందులో ఉండగలననుకున్నాను. పిల్లలను ఊళ్ళో వదిలితే నాకు దొరికేది వాళ్ళ ఆదివారాలే. తలకు నూనె పెట్టుకుని, నవ్వుతూ ఎదురొస్తారు. జ్వరమొచ్చిన బుధవారం, మార్కులు తగ్గిన గురువారం, ఏ కారణమూ లేకుండా మూతి ముడుచుకున్న శుక్రవారం నాకు తెలియవు. కొన్నేళ్ళకు నా పిల్లలు నాకు చుట్టాలైపోతారు.

లేచి వెళ్ళి ఖాలా చేతిలో అడ్వాన్స్ పెట్టాను. ఆమె లెక్కపెట్టకుండానే రుమాలులో కట్టుకుంది.

సాయంత్రం రైలు నాంపల్లి నుంచే ఎక్కాను. తర్వాతి స్టేషన్లలో ఎక్కేవాళ్ళకు నిలబడే చోటే దొరికింది, మీరూ నాంపల్లి దాకా వచ్చి ఎక్కండి. మా పెట్టెలో ఎక్కువగా ఇంటికి పోయే ఉద్యోగస్తులే. ఒకరి టిఫిన్ డబ్బాలో మిగిలింది ఇంకొకరు తింటూ, పేకాట ఆడుతూ ఉన్నారు. ఏ స్టేషన్ వచ్చిందో వాళ్ళెవరూ తలెత్తి చూడలేదు.

శంకర్‌పల్లి దాటాక ఇంటికి ఫోన్ చేశాను. ఈసారి లక్ష్మక్కే ఎత్తింది.

"ఇల్లు దొరికిందక్కా. నిన్న చెప్పింది కాదు, ఇంకో దిక్కు. ఒక్కటే గది. శనివారం పిల్లలను తీసుకపోత."

లైను పోయిందనుకుని "అక్కా?" అన్నాను.

"వింటున్న" అంది. "తీసుకపో. నీ పిల్లలు. నేనొద్దంటనా?" అంతలోనే మాట మార్చింది. "పోరడు గోధుమ రొట్టె తినడు, జొన్నదే తింటడు. ఆడ జొన్నపిండి దొరుకుతదా?"

"దొరుకుతదక్కా."

"మెత్తగ పట్టియ్యాలె. లేకుంటే ముట్టడు." ఫోన్ పెట్టేస్తుందనుకున్నాను, ఇంకోటి అడిగింది. "ఆ గదిల ఇంకొక మనిషి పండుకునే జాగుంటదా? ఉండనీకి కాదు. ఎప్పుడన్న చూడబుద్ధయితే."

ఇన్ని రోజులు ఆ మనిషి నన్ను ఆపుతోందనే అనుకున్నాను. ఆ గదిని మనసులో మళ్ళీ పరుచుకుని చూశాను. పాప, బాబు, నేను పడుకుంటే వంటగట్టు కింద, తలుపు రెక్క తెరుచుకునే చోట కొంచెం జాగా మిగులుతుంది. తలుపు గడియ పెట్టాకే అక్కడ మనిషి ఒరగగలదు.

"ఉందక్కా" అన్నాను.

రెండు రోజుల్లో నాకు తెలిసింది ఇంతే. ఇల్లు చూడడానికి పనిదినం వెళ్ళండి. పిల్లలు బడి నుంచి వచ్చే దాకా అక్కడే కూర్చోండి. ఎక్కడ ఉంటే బాగుంటుందో ఆ తర్వాత కూడా పూర్తిగా తెలియదు. పిల్లలనో అక్కనో, ఎవరినో ఒకరిని గడపలో కూర్చోబెట్టకుండా ఊరు మారడం నాకైతే చేతకాలేదు.