రెండు పెద్ద కార్బొరేటర్లు, ఒక తొలివాన

ఈ కింద రాసిన ప్రతి అక్షరమూ నిజం. పెన్న నీళ్ళ మీద ఒట్టు వేద్దామంటే నీళ్ళు లేవు కాబట్టి, పెన్న ఇసుక మీద ఒట్టు.

ఆ రోజుల్లో, అంటే రెండువేల సంవత్సరం అటూ ఇటూగా, మా అనంతపురం వైపు ఏది చాలకపోయినా ఒకటే వైద్యం: ఇంకా పెద్దది వెయ్యడం. బోరులో నీళ్ళు తగ్గితే పెద్ద మోటారు దించేవాళ్ళం. అది వారం రోజులు ఏనుగులా తోడి, ఎనిమిదో రోజు గాలి కక్కేది. అప్పుడు అందరం అరుగు మీద కూర్చుని ఇంకా పెద్ద మోటారు గురించి మాట్లాడుకునేవాళ్ళం. (మా నాయన అలా మూడు మార్చాడు. చివరిదాని చప్పుడుకు పక్కూరివాళ్ళు రైలు వస్తోందనుకుని మూటలు సర్దుకున్నారు.) అలాంటి ఇంట్లో పుట్టినవాడి చేతికి ఒక చిన్న కారు ఇంజను ఇస్తే ఏమవుతుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. డిప్లొమా సగంలో వదిలేసి బుక్కరాయసముద్రం రోడ్డు మీద ఉస్తాద్ షెడ్డులో మెకానిక్కుగా చేరాను. ఉస్తాద్ నన్ను ‘ఇంజనీరూ’ అని పిలిచేవాడు. అది మర్యాద కాదని నాకు తెలియడానికి ఆరు నెలలు పట్టింది. ఒకరోజు రిటైరైన డ్రాయింగు సారు తన కారును ఇద్దరు మనుషులతో తోయించుకుంటూ వచ్చాడు. నాకంటే పెద్ద వయసున్న బుల్లి కారు. గాలీ పెట్రోలూ కలిపే కార్బొరేటరు పూర్తిగా అరిగిపోయి ఉంది.

“తొలివానకు ఇది వజ్రకరూరు చేరల్ల ఉస్తాద్,” అన్నాడు సారు.

“ఏం సార్, మీరు గూడా వజ్రాలు ఏరేకి పోతారా?” అని ఉస్తాద్ నవ్వాడు.

“నాకెందుకప్పా వజ్రాలు. మా ఇంటామె కోసం.”

సారు భార్యను మేమంతా సారమ్మ అనేవాళ్ళం. ఆమె పుట్టింది వజ్రకరూరు పక్కనే. తొలివాన పడగానే మట్టి కడుక్కుపోయి రాళ్ళు తేలతాయని, ఊళ్ళకు ఊళ్ళే వచ్చి ఆ చేలల్లో వంగి వెతుకుతాయి కదా, చిన్నప్పుడు వాళ్ళమ్మ కొంగు పట్టుకుని ఆమె కూడా వెతికిందట. ఇప్పుడు గుండె జబ్బు. బస్సు కుదుపులు పనికిరావని డాక్టరు చెప్పేశాడు. “ఒక్కసారి ఆ చేన్లో నిలబడల్ల అంటాండాది,” అన్నాడు సారు. “ఇంకెన్ని వానలు చూస్తాదో డాక్టరు చెప్పలేదు, నేనూ అడగలేదు.”

ఉస్తాద్ దగ్గర రేకు డబ్బాలో రెండు రకాలున్నాయి. ఒకటి అలాంటి బండిదే, చిన్న కార్బొరేటరు. రెండోది బెంగళూరు గుజిరీలో, పాత సామాన్ల అంగళ్ళలో ఏరి తెచ్చిన జంట, ఏదో పెద్ద కారువి. కూతురి కాన్పుకని కదిరికి బయలుదేరుతూ ఉస్తాద్ నాకు చెప్పాడు: “చిన్నదే పెట్టు ఇంజనీరూ. గొంతు సన్నగుంటేనే గాలి ఉరుకుతాది. గాలి ఉరికితేనే పెట్రోలు లేస్తాది. పైపు మూతి వేలితో సగం మూస్తే నీళ్ళు యాడికి ఎగురుతాయో చూసినావు కదా? అంతే లెక్క.”

చూశాను. చూసినా, మా నాయన కొడుకును కదా! ఒకటి పోసేచోట రెండు పోస్తే, చిన్న గొంతుకు బదులు పెద్ద గొంతు పెడితే, కారు పరుగెత్తక ఏంచేస్తుంది? లేతు మిషను వాడిని బతిమాలి పైపులు అతికించి, ఆ జంటనే బిగించాను. షెడ్డులో నిలబెట్టి పెడల్ అడుక్కు తొక్కితే ఆ గర్జనకు పైకప్పు మీది పావురాలు ధర్మవరం దాకా పోయి వచ్చాయి.

“ఉస్తాద్ చిన్నది పెట్టమన్నాడు కదప్పా?” అన్నాడు సారు అనుమానంగా.

“ఉస్తాద్ పాతకాలం మనిషి సార్. ఇది కారు కాదింక, ఇమానం.”

మూడోరోజు తెల్లవారుజామున వాన పడింది. నేను నడుపుతున్నాను, పక్కన సారు. వెనక సారమ్మ, ఒళ్ళో చిన్న గుడ్డసంచి. రోడ్డు ఖాళీ. కారు నిజంగానే విమానంలా పోతోంది. నా మీసం దానంతటదే మెలితిరుగుతోంది. అప్పుడు వెనక నుంచి మెల్లగా వినిపించింది: “నిదానంగా పో నాయనా. గుండె అదురుతాండాది.”

ఆ ఇంజనుకు రానిదల్లా నిదానంగా పోవడమే. కాలు తీయగానే గాలి పరుగు ఆగింది, లోపల పెట్రోలు పొలమారింది. దగ్గింది, నల్లటి పొగ కక్కింది, ‘ఢామ్’ అని పేలింది. ఆ చప్పుడుకు దారి పక్కన మేస్తున్న గొర్రెల మంద మొత్తం ఒక్కసారిగా కూర్చుంది.

“ఏమప్పా, కారా, టపాసుల అంగడా అది?” అని కాపరి అరిచాడు.

కూడేరు దాటాక పూర్తిగా ఆగిపోయింది. మసి పట్టిన ప్లగ్గులు నాలుగుసార్లు తుడిచాను. వజ్రాల కోసం పోయే జీపులు మనుషులను వేలాడేసుకుని మా పక్కనుంచి పోతున్నాయి. గుండె జబ్బు మనిషిని వాటిలో ఎక్కించే వీల్లేదు. చివరికి అనంతపురం వైపు పోతున్న ఒక ట్రాక్టరుకు కట్టించుకుని వెనక్కి తిరిగాం. తాడు కడుతుంటే సారమ్మ నన్ను చూసి, “ఏం నాయనా, నీ కారు గూడా నా గుండె మాదిరే ఉండాదే, దానికీ ఆయాసమే!” అని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది.

ఉస్తాద్ వచ్చి, ఆ జంటను ఊడదీసి రేకు డబ్బాలో పడేసి, చిన్న కార్బొరేటరు బిగించాడు. (తిట్టి ఉంటే బాగుండేది.) కారు పిల్లిలా గురగురమంది. కానీ ఆ ప్రయాణం తర్వాత సారమ్మ మంచం దిగలేదు. ఆ ఏడు రెండో వాన రాలేదు. మూడు నెలలకు ఆమె పోయింది.

మరుసటి ఏడు తొలివానకు సారు షెడ్డు ముందు కారాపి, “రాప్పా, పోదాం,” అన్నాడు. ఒక్క దగ్గు లేకుండా వజ్రకరూరు చేరాం. చేలనిండా జనం వంగి వెతుకుతున్నారు. సారొక్కడే ఎర్రమట్టిలో నిటారుగా, చాలాసేపు నిలబడ్డాడు. తిరిగొచ్చేటప్పుడు, “బాగా పోతాండాది కారు,” అన్నాడు.

ఇక నా ఒట్టు సంగతి. ఇందులో ఒకటి కల్పించాను. గొర్రెల గురించి అనుకుంటారేమో, అవి నిజంగానే కూర్చున్నాయి. సారమ్మ నవ్వలేదు. ఆయాసం మాట ఆమె అనలేదు, అది నేను అల్లిందే. ట్రాక్టరు మమ్మల్ని వెనక్కి తిప్పుతుంటే ఆమె కిటికీలోంచి పడమటి మబ్బులనే చూస్తూ, “ఇంకెంత దూరం ఉండె నాయనా?” అని మాత్రం అడిగింది. “శానా దూరం ఉండెలేమ్మా,” అన్నాను. ఇంకో గంటలో చేరేవాళ్ళం.

మొదటిసారి ఈ కథ చెప్పినప్పుడు ఆమె చేత చిరునవ్వు నవ్వించాను. ఏడాదికి కొంచెం చొప్పున ఆ నవ్వు పెరుగుతూ వచ్చింది. నాకు యాభై దగ్గరపడ్డాయి. ఈ మధ్య ఎక్కడ చెప్పినా ఆమె ఎంత బాగా నవ్వుతుందంటే, నాకూ నవ్వొచ్చేస్తోంది.