ఆకుపచ్చ కారు మీద మోపిన నేరం

మీ కొత్త కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించిన రోజున, ఆ చక్రాల్లో గాలి ఎంత ఉందో చూశారా?

మొహమాటపడకండి, నేను మీ ఎదురుగా లేను. ఈ ప్రశ్న నాకు జార్జియా కొండల్లో, ఒక రేకుల కొట్టంలో, యాభై ఏళ్ళుగా నింద మోస్తున్న కారు కింద వెల్లకిలా పడుకున్నప్పుడు పుట్టింది. అక్కడికి ఎలా చేరానో వరసగా చెబుతాను. వెళ్ళదలచినవాళ్ళకి దారి కూడా తెలుస్తుంది.

నేను మిషిగన్‌లో, నోవైలో ఉంటాను. కార్ల బ్రేకులు పరీక్షించడం ఉద్యోగం. పాత స్టాక్ కార్లంటే పిచ్చి. షోరూంలో అమ్మే మామూలు కారు కొని, సీట్లు పీకి, తలుపులు వెల్డింగ్ చేసేసి, కోడిగుడ్డు ఆకారపు మట్టి ట్రాక్ మీద పరుగెత్తించేవారు. అవే స్టాక్ కార్లు. ఇంటి వెనక సుత్తీ స్పానరూ పట్టుకుని మామూలు మనుషులు తయారుచేసుకున్నవి కనకే వాటి మీద నాకంత గౌరవం.

అలాంటి కార్ల అభిమానుల ఇంటర్నెట్ బృందంలో నేను బ్రేకుల గురించి రాస్తుంటాను. మార్చిలో ఎడ్నా అనే ఎనభై ఏళ్ళ ఆవిడ ఉత్తరం రాసింది. ఆమె భర్త రాయ్ ఒకప్పుడు రేసు కార్లు నడిపేవాడు. కారుకి ఆకుపచ్చ రంగు ఎంచింది ఆమె. ఒక ఆదివారం ఆ కారు మలుపులో ఆగక చెక్క కంచెను గుద్దింది. రాయ్ కాలు విరిగింది, మళ్ళీ రేసులోకి వెళ్ళలేదు. బ్రేకు పెడల్ నేలదాకా దిగిపోయిందని అతను చనిపోయేదాకా చెబుతూనే ఉన్నాడట. రాయ్ తమ్ముడు ఎర్ల్ మాత్రం, అన్నయ్యకి ధైర్యం చాలలేదు, దానికి తోడు ఆ దిక్కుమాలిన ఆకుపచ్చ అంటాడు. వచ్చే సోమవారం కారుని ఊళ్ళోని చిన్న మ్యూజియం వాళ్ళు తీసుకెళ్తారు. పక్కన పెట్టే బోర్డు రాసేది ఎర్ల్. "అది గోడకెక్కేలోపు నిజం తెలియాలి. ఎవరిది తప్పు? నాదా, రాయ్‌దా?" అని అడిగింది.

శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకి డెట్రాయిట్‌లో విమానం ఎక్కాను. నాది పద్నాలుగో వరుస. ముందు వరుస మీద పన్నెండు అని ఉంది. పక్కాయనతో, "లెక్క ప్రకారం మనం కూర్చున్నది పదమూడులోనే" అన్నాను. ఆయన బెల్టు ఇంకాస్త బిగించుకుని, "ఆ మాట దిగాక చెప్పకూడదా?" అన్నాడు. గాలిలో ఎగిరే ఇంత యంత్రాన్ని కట్టినవాళ్ళు, ఒక అంకెను పిలవడానికి భయపడ్డారు!

ఆరున్నరకి అట్లాంటాలో దిగి, విమానాశ్రయం లోపలే సిటీ రైలు ఎక్కాను. టికెట్ రెండున్నర డాలర్లు. ముప్పావుగంటలో ఉత్తరాన చివరి స్టేషన్. అక్కడినుంచి ఆ రాత్రి నేను ఉండబోయే అల్ఫారెట్టాకి రైలు లేదు, ఎవరైనా కారులో రావాలి. నా కోసం ఇంజనీరింగ్ కాలేజీ స్నేహితుడు రాజేందర్ వచ్చాడు. వరంగల్ మనిషి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నెల కిందట కొన్న పెద్ద కారు. ముందు అద్దానికి నిమ్మకాయా మిరపకాయలూ వేలాడుతున్నాయి, ప్లాస్టిక్‌వి.

"ఇది కూడా ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేశావా?" అన్నాను.

"అసలుది కుళ్ళిపోతది కదరా, ఇది పర్మనెంట్."

రాత్రి వాళ్ళింట్లో పప్పుచారూ వంకాయ కూరా తిని పడుకున్నాను.

శనివారం పొద్దున తాపీగా దోసెలు తింటుంటే రాజేందర్ ఫోన్ చూసి లేచి నిలబడ్డాడు. "పది ఇరవైకి రాహుకాలం. పదికల్లా బండి కదలాలె. జల్ది తిను!"

"చిన్నప్పుడు శనివారం తొమ్మిదికి కదరా. ఇక్కడ వేసవికని గడియారాలు గంట ముందుకి జరిపితే రాహువు కూడా జరుపుకున్నాడా?"

"యాప్‌ల అడ్జస్ట్ చేసిన్రు. నిన్ను నమ్మమంటున్ననా? బండి నాది."

పదీ ఐదుకి ఉత్తరాన కొండల వైపు బయల్దేరాం. రోడ్డెక్కగానే గాలి తక్కువైందని పసుపుపచ్చ దీపం వెలిగింది. "టైం దాటనియ్, తర్వాత చూద్దం" అన్నాడు. పదీ నలభైకి బండి ఒక పక్కకి లాగడం మొదలుపెట్టింది. నిండు రాహుకాలంలో పెట్రోలు బంకు దగ్గర ఆగాల్సి వచ్చింది. ముందు చక్రంలో ఉండాల్సిన గాలిలో సగమే ఉంది. షోరూంలో పూజారి చేత పూజ చేయించాడట, నాలుగు నిమ్మకాయలు తొక్కించాడట. గాలి మాత్రం ఈ నెలలో ఒక్కసారీ చూడలేదు.

గాలి నిండేలోపు రాజేందర్ కేక పెట్టాడు. "అరే, ఉడకబెట్టిన పల్లికాయలు!" నిజమే. బంకు పక్కన ఒకామె పెద్ద కుండలో ఉప్పునీళ్ళలో వేరుశనక్కాయలు ఉడికించి అమ్ముతోంది. ఈ దేశంలో ఇన్నేళ్ళున్నా నాకు తెలియదు, జార్జియా వాళ్ళకి ఇది మనకంటే ఎక్కువ ప్రాణమట. వేడి కాయలు సంచీ నిండా పోసింది. దారంతా ఒలుచుకుంటూ, పదకొండూ ముప్పావుకి ఎడ్నా ఇల్లు చేరాం.

ఆమె తెల్లటి జుట్టుతో, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లతో ఎదురొచ్చి నా చెయ్యి వదలకుండా కొట్టం వైపు నడిపించింది. తలుపు దగ్గరున్న ముసలాయన, ఎర్ల్, మా చేతుల్లోది చూడగానే అడ్డం నిలబడ్డాడు.

"ఆగండి! రేసు కారు దగ్గరికి పల్లీలా? మతి ఉందా మీకు?"

ఎడ్నా సిగ్గుపడుతూ విప్పి చెప్పింది. పాత రేసు మనుషులకి రెండు గండాలట. ఒకటి పల్లీ తొక్కలు, రెండోది ఆకుపచ్చ రంగు. వాటిలో ఏది కనబడినా కారు తిరగబడుతుందని నమ్మేవారట.

నాకు ఒళ్ళు మండింది. రాజేందర్ అప్పటికే సంచీని భక్తిగా బయట పెట్టేశాడు. "వీళ్ళు మనోళ్ళే రా" అని నా చెవిలో అని, ఎర్ల్‌కి నిమ్మకాయల సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. ఎర్ల్ కళ్ళు చిట్లించి శ్రద్ధగా విని, "చక్రానికి ఒకటా, రెండా?" అని అడిగాడు. ఇద్దరూ ఏళ్ళ పరిచయంలో కానంత దగ్గర అయిదు నిమిషాల్లో అయిపోయారు.

లోపల కారు లేత మామిడాకు రంగులో ఉంది. ముందు కుడి చక్రం మీది రేకు రెక్క నలిగింది, చక్రాలు బాగానే ఉన్నాయి. గోడకి ఆనించిన బోర్డు మీద ఎర్ల్ అక్షరాలు తడి ఆరుతున్నాయి: "అపశకునపు ఆకుపచ్చ కారు. రాయ్‌ని కూల్చినది ఇదే."

కారెత్తించి, స్టాండ్లు పెట్టించి, కిందికి దూరాను. ఆ కాలపు కార్లలో నాలుగు బ్రేకులకీ నూనె వెళ్ళే దారి ఒకటే. ఎక్కడ చిల్లు పడినా అన్నీ పోతాయి. ఎడమ ముందు చక్రం దగ్గర రబ్బరు గొట్టం ఎండిపోయింది కానీ చెక్కుచెదరలేదు. కుడివైపు గొట్టం నా వేలికి చీలికగా తగిలింది. టార్చి వేసి చూస్తే ఒక పక్క నున్నగా అరిగి, కాయ ఒలిచినట్టు నోరు తెరిచి ఉంది. దాన్ని పట్టి ఉంచే బిగింపు లేదు. దానికోసం చేసిన రంధ్రం ఖాళీగా ఉంది.

ఎర్ల్‌ని కిటికీలోంచి చేతులు పెట్టి స్టీరింగ్ తిప్పమన్నాను. ఎడమకి తిప్పగానే కుడి టైరు ముందు అంచు లోపలికి వచ్చి గొట్టాన్ని రాసుకుంది. కుడికి తిప్పితే తగల్లేదు.

"మీ ట్రాక్ మీద ఎటు తిరుగుతారు?" అని అడిగాను.

"ఎడమకే. ఎప్పుడూ ఎడమకే." ఆయన స్టీరింగ్ వదిలి ఇవతలికి వచ్చాడు. నెమ్మదిగా నేల మీద కూర్చుని, మెడ వంచి ఆ ఖాళీ రంధ్రాన్ని చూశాడు. "ఆ గొట్టం బిగించింది నేనే. బిగింపు దొరకలేదు. వచ్చే వారం వేద్దాంలే అనుకున్నాను."

వాదనలో గెలిచిన సంతోషం నాకు ఎప్పుడూ ఎక్కువే. ఆ నిమిషం మాత్రం టార్చి ఆర్పి కారు కిందినుంచి బయటికి వచ్చాను. రంగు మీద నేరం పడగానే గొట్టం తప్పించుకుంది. యాభై ఏళ్ళలో ఒక్కరూ కారు కింద తల పెట్టలేదు. అదే ఊళ్ళో అదే పద్ధతిలో గొట్టాలు బిగించుకుని ఇంకెందరు పరుగెత్తారో! మూఢనమ్మకం అమాయకమైన సరదా అనే పెద్దమనుషులు దీనికేమంటారు?

ఎడ్నా మాత్రం బయటికి వెళ్ళి, సంచీతో తిరిగొచ్చి, ఒక పల్లికాయ ఒలిచి మరిది ముందు చెయ్యి చాచింది.

"యాభై ఏళ్ళు నా రంగుని తిట్టావు. తిను, ఎర్ల్."

ఆయన కారు వంకా ఆమె వంకా చూసి, కళ్ళు మూసుకుని నోట్లో వేసుకున్నాడు. ఏమీ కూలలేదు. ఆమె పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, రాయ్ నలగ్గొట్టిన రెక్క మీద చెయ్యి వేసి, "నువ్వు చెప్పింది నిజమేనయ్యా" అంది.

మిగతా మధ్యాహ్నం పండగే. కొత్త గొట్టాలూ బిగింపులూ ఎర్ల్ షెడ్డులోనే దొరికాయి. ఆయన బిగించాడు, నేను పెడల్ తొక్కాను, రాజేందర్ నూనె పోశాడు. ఇంజన్‌ని ఎడ్నా ఏటా వసంతంలో తిప్పుతూ వచ్చింది కనక రెండో ప్రయత్నానికే గర్జించింది. తలుపులు వెల్డింగ్ కాబట్టి ఎర్ల్‌ని ముగ్గురం కలిసి కిటికీలోంచి లోపలికి తోశాం. నాలుగు గంటలకి ఆ మామిడాకు కారు పచ్చిక మీద ఎడమకి, ఎడమకి, మళ్ళీ ఎడమకి తిరిగి, ఎడ్నా బూట్లకి రెండు గజాల దూరంలో మెత్తగా ఆగింది.

ఆమె చల్లటి తీపి టీ తెచ్చింది, గ్లాసు అంచున నిమ్మచెక్క.

"చూసినవా, నిమ్మకాయ దానంతటదే వచ్చింది!" అన్నాడు రాజేందర్.

"వచ్చింది కదా, పిండుకుని తాగు."

ఆదివారం పదింటికి నన్ను స్టేషన్‌కి తీసుకెళ్ళే ముందు రాజేందర్ వంగి నాలుగు చక్రాల్లోనూ గాలి కొలిచాడు. తర్వాత ఫోన్ తీసి రాహుకాలం కూడా చూశాడు. సగం గెలిచానని రాసుకుంటున్నాను.

డెట్రాయిట్‌లో దిగి ఫోన్ తెరిస్తే ఎడ్నా పంపిన ఫోటో ఉంది. బోర్డు మీద పాత అక్షరాలు చెరిపి ఎర్ల్ కొత్తవి రాశాడు: "రాయ్ కారు. రంగు ఎంచింది ఎడ్నా. బ్రేకు గొట్టం తప్పుగా బిగించింది ఎర్ల్." నేను చూసిన ఏ శిలాశాసనంలోనూ ఇంత నిజాయితీ లేదు. తప్పు తనదని గోడమీద రాసుకున్న మనిషి ముందు, తప్పుని గ్రహాల మీదకి తోసే మనమంతా చిన్నవాళ్ళం.

ఇక లేవండి. ఇది చదవడం ఆపి కారు దగ్గరికి వెళ్ళండి. అద్దానికి వేలాడుతున్న నిమ్మకాయను విప్పి జేబులో పెట్టుకోండి, నాలుగు చక్రాల్లో గాలి కొలవండి, బ్రేకులు ఎప్పుడు చూపించారో గుర్తు రాకపోతే రేపే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళండి. ఏ టైముకి వెళ్ళాలా అని మాత్రం ఫోన్‌లో చూడకండి.